విదేశీ సముద్ర తీరానికి ఫ్యామిలీ ట్రిప్: గోదావరి జిల్లాల నుంచి బయల్దేరేవాళ్లు ఏ పని ఎప్పుడు చేయాలి

అమలాపురం, భీమవరం, పాలకొల్లు, రాజమండ్రి వైపు నుంచి చాలామంది అడిగేది ఒకటే: పిల్లలతో, పెద్దవాళ్లతో థాయ్‌లాండో బాలియో శ్రీలంకో వెళ్లాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? దాదాపు అందరూ టికెట్ రేటు దగ్గర మొదలుపెడతారు. తేడా అక్కడే వస్తుంది.

ముందు తేదీ చూసుకోవాలి. ఆ తేదీకి వానలు లేని తీరం చూసుకోవాలి. తర్వాత కాగితాలు. టికెట్ ఆ తర్వాతే. ఈ వరస తప్పితే డబ్బు పోతుంది, లేదా వెళ్లిన నాలుగు రోజులూ హోటల్ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవాలి.

వేడి, ఉక్క, దోమలు, కొబ్బరిచెట్లు మనకు కొత్త కాదు. అందుకే "మన కోనసీమలాగే ఉంటుందిలే" అని తేలిగ్గా తీసుకుంటారు. వాతావరణం అలాగే ఉంటుంది. వానల లెక్క, రూల్స్ మాత్రం వేరు.

1. ముందు మన ఇంటి క్యాలెండర్ చూడండి

మనవాళ్లకు వీలయ్యేవి మూడే సమయాలు: వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి. రైతు కుటుంబమైతే దాళ్వా కోతలు అయి ధాన్యం డబ్బు చేతికొచ్చాక. రొయ్యల చెరువు ఉంటే పట్టుబడి అయ్యాక. వీటిని కాదని "ఆఫర్ ఉంది" అని తేదీ పెట్టుకుంటే చివర్లో ఒకరో ఇద్దరో ఆగిపోతారు.

సంక్రాంతి మూడు రోజులూ ఊళ్లో ఉండాల్సిందే అనుకునే ఇల్లయితే, కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ దాటాక టికెట్ పెట్టుకోండి. పిల్లల స్కూల్ మూడు నాలుగు రోజులు పోతుందని ముందే ఒప్పుకోండి. జనవరి చివర, ఫిబ్రవరిలో చైనీస్ కొత్త సంవత్సరం వస్తుంది. ఆ వారంలో సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్ అన్నిచోట్లా హోటల్ రేట్లు పెరుగుతాయి, రద్దీ ఉంటుంది.

2. ఆ తేదీకి తగ్గ తీరం ఎంచుకోండి

ఇది అన్నిటికన్నా ముఖ్యం, అందుకే ఎక్కువ రాస్తున్నాను. ఈ దేశాల్లో చలికాలం ఉండదు. ఉన్నవి రెండు గాలులు. నైరుతి గాలి వీచేటప్పుడు పడమటి తీరాలు తడుస్తాయి, ఈశాన్య గాలి వీచేటప్పుడు తూర్పు తీరాలు తడుస్తాయి. ఒకే దేశంలో ఒకవైపు కుండపోత, ఇంకోవైపు ఎండ. కాబట్టి "మేలో థాయ్‌లాండ్ వెళ్లొచ్చా" అని కాదు, "మేలో థాయ్‌లాండ్‌లో ఏ వైపు" అని అడగాలి.

వేసవి సెలవులకు (మే, జూన్ మొదటివారం):
- బాలి: ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా పొడి కాలం. మన వేసవికి సరిగ్గా సరిపోతుంది.
- శ్రీలంక తూర్పు తీరం: ట్రింకోమలీ, పాసికుడా. అదే సమయంలో గాలె, బెంటోటా వైపు వానలు మొదలవుతాయి.
- మలేషియా తూర్పు దీవులు: పెర్హెంటియన్, రెడాంగ్.
- థాయ్‌లాండ్‌లో కో సముయి వైపు. ఫుకెట్, క్రాబీలకు మే నుంచి అక్టోబరు దాకా వానకాలం.

సంక్రాంతికి:
- ఫుకెట్, క్రాబీ, లంకావి, శ్రీలంక దక్షిణ తీరం (గాలె, మిరిస్సా), మాల్దీవులు. ఇవన్నీ జనవరిలో బాగుంటాయి.
- బాలిలో అప్పుడు వానలు. పెర్హెంటియన్ వైపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చాలా రిసార్టులు మూసేస్తారు.

దసరాకు:
- బాలి ఒక్కటే నిక్కచ్చిగా చెప్పగలను. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఫుకెట్‌లో వానలు బాగా ఎక్కువ. మలేషియా, సింగపూర్‌లకు కొన్నేళ్లు ఆ నెలల్లో సుమత్రా అడవుల పొగ కమ్ముతుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లుంటే అటు వద్దు.

ఇంకో సంగతి. బాలిలో న్యేపి అనే మౌన దినం ఉంది, చాలా ఏళ్లు ఉగాదికి దగ్గర్లోనే పడుతుంది. ఆ 24 గంటలు విమానాశ్రయం కూడా మూసేస్తారు, హోటల్ గేటు దాటనివ్వరు. మార్చిలో వెళ్తుంటే ఆ తేదీ చూసుకోండి. థాయ్‌లాండ్‌లో ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్, వీధుల్లో నీళ్లు చల్లుకునే పండగ. పిల్లలకు మహా సరదా. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం ఆ మూడు రోజులూ బయట నడవడం కష్టం.

3. పాస్‌పోర్టులో పేరు అక్షరం అక్షరం చూడండి

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, టికెట్ మీద ఇంకోలా. పెళ్లయిన ఆడవాళ్లకు పుట్టింటి ఇంటిపేరు పాస్‌పోర్టులో, అత్తింటిది మిగతా కాగితాల్లో.

టికెట్ బుక్ చేసేటప్పుడు ఆధార్ పక్కన పెట్టేయండి. పాస్‌పోర్టు తెరిచి, గివెన్ నేమ్ అన్న గీతలో ఉన్నది మొత్తం ఫస్ట్ నేమ్ గడిలో, సర్‌నేమ్ గీతలో ఉన్నది లాస్ట్ నేమ్ గడిలో రాయండి. "వెంకట సత్యనారాయణ" అని ఉంటే రెండు మాటలూ రాయాలి, "సత్యనారాయణ" ఒక్కటే రాస్తే చెక్-ఇన్ కౌంటర్‌లో ఆపొచ్చు. సర్‌నేమ్ గీత ఖాళీగా ఉన్న పాస్‌పోర్టులూ ఉన్నాయి. అలాంటి ఒంటి పేరుతో టూరిస్టు వీసా మీద వచ్చేవాళ్లను యూఏఈ 2022 నవంబరు నుంచి రానివ్వడం లేదు. అలా ఉంటే ప్రయాణానికి చాలా ముందే పాస్‌పోర్టులో సర్‌నేమ్ చేర్పించుకోవడం మేలు.

చెక్‌లిస్టు:
- తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా కనీసం 6 నెలలు గడువు ఉందా?
- రెండు ఖాళీ పేజీలు ఉన్నాయా? చిరుగులు, తడి మరకలు లేవు కదా?
- పిల్లల పాస్‌పోర్టు గడువు 5 ఏళ్లే. పెద్దవాళ్లది 10 ఏళ్లు కదా అని పిల్లలది చూడటం మరిచిపోతారు.
- గడువు ఏడాది లోపు ఉంటే రెన్యువల్‌కి ఇప్పుడే పెట్టొచ్చు. 36 పేజీల పెద్దల పాస్‌పోర్టుకు ఫీజు 1500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2000. డెల్టాలో భీమవరంలోనే పాస్‌పోర్టు సేవా కేంద్రం ఉంది.
- పదో తరగతి పాస్ కాని, 50 ఏళ్లు నిండని వాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ రకం (కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ముందు ప్రభుత్వ క్లియరెన్స్ కావాల్సింది) అయ్యుంటుంది. మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా (బాలి ఉన్న దేశం) ఈసీఆర్ దేశాల జాబితాలో ఉన్నాయి. టూరిస్టుకు క్లియరెన్స్ అక్కర్లేదు కానీ ఇమిగ్రేషన్‌లో ప్రశ్నలు ఎక్కువ అడుగుతారు. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ ప్రింట్ తీసి చేతిలో ఉంచుకోవాలి.

4. వీసా, అరైవల్ కార్డు: రెండూ వేరు

"వీసా అక్కర్లేదు" అంటే ఏ ఫారమూ అక్కర్లేదని కాదు. థాయ్‌లాండ్ 2023 నవంబరులో, మలేషియా 2023 డిసెంబరులో మనవాళ్లను వీసా లేకుండా రానివ్వడం మొదలుపెట్టాయి. ఇలాంటి సడలింపులకు గడువులుంటాయి, రోజులు మారుతుంటాయి. టికెట్ కొనే రోజున ఆ దేశపు ప్రభుత్వ సైటులోనే చూడండి, పోయినేడు వెళ్లొచ్చిన చుట్టాల మాట మీద కాదు.

- థాయ్‌లాండ్: 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు, అంటే దిగేముందు మన వివరాలు నింపే ఆన్‌లైన్ ఫారం. దిగే తేదీకి ముందు 3 రోజుల్లోపు నింపాలి.
- మలేషియా, సింగపూర్: వీటికీ డిజిటల్ కార్డు ఉంది, అదే 3 రోజుల లెక్క. సింగపూర్‌కు మనకు వీసా కూడా కావాలి.
- బాలి: దిగాక వీసా ఇస్తారు, 30 రోజులకు 5 లక్షల రుపయ్యాలు. దీనికి అదనంగా బాలి టూరిస్టు రుసుం 1.5 లక్షల రుపయ్యాలు. అంకె చూసి కంగారుపడొద్దు, అక్కడి నోట్లే లక్షల్లో ఉంటాయి.
- శ్రీలంక: బయల్దేరకముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) తీసుకోండి.

థాయ్‌లాండ్, మలేషియా, సింగపూర్ అరైవల్ కార్డులు పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే ముందొచ్చే కొన్ని సైట్లు అచ్చం ప్రభుత్వ సైటులా కనిపించి డాలర్లు అడుగుతాయి. ఈ కార్డులకు డబ్బు అడిగిందంటే అది అసలు సైటు కాదు.

మన కుర్రాళ్ల కోసం ఒక మాట. బ్యాంకాక్‌కి ఫ్రీ టికెట్, డేటా ఎంట్రీ ఉద్యోగం, టూరిస్టుగా వచ్చేయండి అని ఎవరైనా అంటే వెళ్లొద్దు. అలా వెళ్లినవాళ్లను సరిహద్దు దాటించి మయన్మార్, కంబోడియాల్లో సైబర్ మోసాల కేంద్రాలకు అమ్మేశారు. మన రాష్ట్రం కుర్రాళ్లూ అందులో ఉన్నారు. ఎవరికీ పాస్‌పోర్టు చేతికివ్వకండి.

5. టికెట్లు: డెల్టా నుంచి విమానం దాకా

విశాఖ నుంచి విదేశీ సర్వీసులు కొన్నే, అవీ మారుతుంటాయి. శంషాబాద్‌కి ఎంపికలు ఎక్కువ. మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నుంచి హైదరాబాద్ విమానం, అక్కడి నుంచి విదేశీ విమానం అనుకుంటే రెండూ ఒకే టికెట్‌లో ఉండేలా చూడండి. విడిగా కొంటే మొదటిది లేటైనప్పుడు రెండో కంపెనీకి బాధ్యత ఉండదు. లగేజీ బరువూ తేడా వస్తుంది: దేశీయ విమానంలో ఎక్కువగా 15 కిలోలే, చవక విదేశీ విమానాల్లో చెక్-ఇన్ లగేజీ అసలు ఉండదు, విడిగా కొనాలి.

రైలులో వెళ్తే గౌతమి ఎక్స్‌ప్రెస్ రాత్రి ఎక్కి పొద్దున దిగొచ్చు. కానీ అదే రోజు విమానం పెట్టుకోకండి. ఒక రోజు ముందు హైదరాబాద్ చేరండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఇది తప్పనిసరి. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను మన తీరం దాటినప్పుడు రైళ్లూ విమానాలూ కలిసి రద్దయ్యాయి.

తరచూ జరిగే పొరపాటు తేదీది. టికెట్ మీద 15వ తేదీ 00:30 అని ఉంటే 14వ తేదీ రాత్రి 9 గంటలకే మీరు విమానాశ్రయంలో ఉండాలి. బయల్దేరే రాత్రి ఏ వారమో, ఏ తేదీయో కాగితం మీద తెలుగులో రాసి ఫ్రిజ్‌కి అంటించండి. హోటల్ కూడా దిగే తేదీకి బుక్ చేయాలి, ఎక్కే తేదీకి కాదు. థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర, బాలి, మలేషియా, సింగపూర్ రెండున్నర గంటలు ముందుంటాయి. శ్రీలంక టైము మనదే.

6. డబ్బు

మూడు రకాలుగా పట్టుకెళ్లండి: ఫారెక్స్ కార్డు (విదేశీ డబ్బు ముందే నింపుకునే కార్డు), కొంత నగదు డాలర్లు, ఒక క్రెడిట్ కార్డు. డాలర్లు మన బ్యాంకు ద్వారానో లైసెన్సున్న ఎక్స్ఛేంజ్‌లోనో కొని రసీదు దాచుకోండి. కొత్త నోట్లే అడగండి. పెన్ను గీత, చిన్న చిరుగు ఉన్నా అక్కడ తీసుకోరు. 100 డాలర్ల నోటుకు చిన్న నోట్ల కన్నా మంచి రేటు ఇస్తారు.

- కార్డు గీసినప్పుడు మెషీన్ "రూపాయల్లోనా, స్థానిక డబ్బులోనా" అని అడుగుతుంది. ఎప్పుడూ స్థానిక డబ్బే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు పడుతుంది.
- థాయ్‌లాండ్ ఏటీఎంలో ప్రతిసారీ 200 బాట్లకు పైనే ఛార్జీ. కొంచెం కొంచెం తీయకండి.
- యూపీఐ సింగపూర్, శ్రీలంక, మారిషస్‌లలో కొన్ని దుకాణాల్లో పనిచేస్తుంది. యాప్‌లో ఇంటర్నేషనల్ ఆప్షన్ ఇక్కడే ఆన్ చేసుకోవాలి. దీన్నే నమ్ముకుని మాత్రం వెళ్లొద్దు.
- భారతీయ నోట్లు మనిషికి 25,000 రూపాయలకు మించి తీసుకెళ్లకూడదు.
- ప్యాకేజీ కొంటే టీసీఎస్ పేరుతో పన్ను కలుపుతారు. ఎంత కలిపారో అడిగి సర్టిఫికెట్ తీసుకోండి. రిటర్ను వేసేటప్పుడు అది మీ పన్నులో సర్దుబాటవుతుంది, ఎక్కువైతే రీఫండ్ వస్తుంది.

7. బ్యాగులో ఏం పెట్టాలి, ఏం పెట్టకూడదు

కోనసీమ వాళ్లకు ముందుగా చెప్పాల్సింది కురిడీల గురించి. విదేశంలో ఉన్న బంధువులకు ఎండు కొబ్బరి తీసుకెళ్లాలనిపిస్తుంది. దాంట్లో నూనె ఎక్కువ, త్వరగా అంటుకుంటుంది కాబట్టి 2022 నుంచి చెక్-ఇన్ లగేజీలో నిషేధం. స్కానర్‌లో కనిపిస్తే బ్యాగు తెరిపించి తీసేయిస్తారు.

- ఆవకాయ, నెయ్యి: చేతి బ్యాగులో వద్దు. మూతకు టేపు వేసి, రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్‌లో.
- పూతరేకులు: చెక్-ఇన్‌లో వేస్తే పొడే మిగులుతుంది. గట్టి డబ్బాలో, చేతి బ్యాగులో.
- గసగసాలు: సింగపూర్, యూఏఈల్లో మత్తు పదార్థాల చట్టం కిందకి వస్తాయి. అవి కలిపిన మసాలా పొడి కూడా వద్దు.
- మామిడిపళ్లు, మొక్కలు, విత్తనాలు: వద్దు.
- పవర్ బ్యాంక్: చేతి బ్యాగులోనే, 100 వాట్ అవర్ లోపుది.
- ప్లగ్: బాలి, థాయ్‌లాండ్‌లలో మన రెండు పిన్నుల ఛార్జర్ పడుతుంది. మలేషియా, సింగపూర్‌లకు మూడు చదరపు పిన్నుల అడాప్టర్ కావాలి.

బంగారం గురించి మొహమాటం లేకుండా చెప్తాను. పెళ్లికి వెళ్తున్నట్టు వేసుకుని వెళ్లకండి. మంగళసూత్రం, చిన్న కమ్మలు చాలు, మిగతాది లాకర్‌లో పెట్టండి. తప్పదంటే వెళ్లేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. తిరిగొచ్చేటప్పుడు ఇది మనదే, అక్కడ కొన్నది కాదని చూపించే కాగితం అదే.

8. మందులు, ఇన్సూరెన్స్

బీపీ, షుగర్ మందులు ఉండే రోజులకన్నా ఒక వారం ఎక్కువ పెట్టండి. స్ట్రిప్పులు విప్పి డబ్బాలో పోయకండి. డాక్టర్ చీటీ ఇంగ్లీషులో, మందు అసలు పేరుతో ఉండాలి. ఇన్సులిన్ చేతి బ్యాగులోనే. నిద్రమాత్రలు, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ చాలా దేశాల్లో నియంత్రిత మందులు. చీటీ లేకుండా ఒక్క మాత్ర కూడా వద్దు.

ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు పెద్దవాళ్ల పాత జబ్బులన్నీ చెప్పండి. దాచిపెడితే ప్రీమియం తగ్గుతుంది, క్లెయిమ్ మాత్రం రాదు. అక్కడ స్కూటర్ అద్దెకు తీసుకుంటే, టూవీలర్ లైసెన్సూ ఇంటర్నేషనల్ పర్మిట్టూ లేకుండా పడిపోతే పాలసీ పనిచేయదు. నా అభిప్రాయం అడిగితే ఫ్యామిలీతో వెళ్లినప్పుడు కారు, డ్రైవర్ మాట్లాడుకోవడమే మంచిది.

కెన్యాలాంటి చోట్లకు వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. కార్డు లేకపోతే తిరిగొచ్చాక మన దగ్గరే క్వారంటైన్‌లో పెడతారు.

9. దిగాక రోజులు ఎలా పంచుకోవాలి

ఐదు రోజుల్లో మూడు ఊళ్లు పెట్టే ప్యాకేజీలు వద్దు. ప్రతి హోటల్ మార్పుకూ సగం రోజు పోతుంది, పెద్దవాళ్లకు కాళ్లు వాస్తాయి. ఒకే హోటల్, రోజుకో చోటు. దిగిన రోజు ఏమీ పెట్టకండి. బయట తిరగడం పొద్దున 10 లోపు, సాయంత్రం 4 తర్వాత.

తిండి దగ్గర శాకాహారులకు జాగ్రత్త కావాలి. థాయ్ కూరల్లో చేపల సాస్, బాలి పచ్చళ్లలో రొయ్యల ముద్ద, శ్రీలంక కొబ్బరి సంబోల్‌లో ఎండు చేప పొడి కలుస్తాయి. కొబ్బరి పచ్చడిలాగే ఉంది కదా అని పెద్దవాళ్లకు వడ్డించేముందు అడగండి. థాయ్‌లాండ్‌లో పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో "జే" గుర్తున్న చోట మాంసం, చేప, గుడ్డు ఏమీ ఉండవు. కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం దొరుకుతుంది. మొదటి రాత్రికి మాత్రం కందిపొడి, అటుకులు దగ్గరుంచుకోండి.

గుళ్లలో భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. శ్రీలంకలో బుద్ధుడి విగ్రహానికి వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు.

10. సముద్రం

గోదాట్లో ఈదినవాళ్లకు ధైర్యం ఎక్కువ. ఈ సముద్రాల్లో ప్రవాహం పైకి కనిపించదు. ఎర్ర జెండా ఉంటే మోకాలి లోతుకు కూడా దిగొద్దు. అలలు విరుగుతున్న చోట్ల మధ్యలో నీళ్లు నున్నగా, ప్రశాంతంగా కనిపించే దారి ఉంటే అదే లోపలికి లాగే ప్రవాహం. పిల్లల్ని అక్కడే దించుతుంటారు. అందులో పడితే ఒడ్డుకు ఎదురీదకండి. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు రండి.

పడవలో లైఫ్ జాకెట్ పిల్లల సైజుది అడిగి తీసుకోండి. కో సముయి వైపు జెల్లీఫిష్ కుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. వెనిగర్ పోసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బాలిలో కోతులకు దూరంగా ఉండండి. కోతిగానీ కుక్కగానీ గీరినా సరే, సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ఇంటికెళ్లాక చూద్దాం అనుకోవద్దు.

11. ఏదైనా తేడా వస్తే

- పాస్‌పోర్టు పోతే: పోలీసు రిపోర్టు, తర్వాత భారత రాయబార కార్యాలయం. బ్యాంకాక్, కౌలాలంపూర్, కొలంబోల్లో ఉన్నాయి, బాలిలో కాన్సులేట్ ఉంది. తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తారు. పాస్‌పోర్టు కాపీ, రెండు ఫొటోలు వేరే బ్యాగులో ఉంటే పని త్వరగా అవుతుంది.
- థాయ్‌లాండ్‌లో టూరిస్టు పోలీసు 1155. శ్రీలంకలో అంబులెన్స్ 1990. మలేషియాలో అత్యవసరానికి 999.
- బ్యాగు రాకపోతే: విమానాశ్రయం దాటకముందే కౌంటర్‌లో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోండి. బయటికొచ్చాక చెప్తే ఎవరూ వినరు.
- ఫోన్ పోతే: ఇంట్లో ఉన్నవాళ్ల దగ్గర టికెట్లు, హోటల్ చిరునామా, పాలసీ నంబరు ముందే వాట్సాప్‌లో పెట్టి ఉంచండి.
- తిరిగొచ్చాక రెండు వారాల్లోపు జ్వరం వస్తే: ఏ దేశం వెళ్లొచ్చారో డాక్టర్‌కి మొదటి మాటగా చెప్పి డెంగీ, మలేరియా పరీక్షలు చేయించండి. రిజల్ట్ వచ్చేదాకా పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకండి.